డక్స్‌ఫర్డ్ విమానం, నాన్నగారి సైకిలు

చి. బుజ్జమ్మకు, చి. కన్నయ్యకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాయనమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. ఈ ఏడు మన చెట్టు మామిడి ఆలస్యంగా పూసింది.

బుజ్జమ్మా, మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగిన మాట నా బుర్రలోంచి పోవడం లేదు. మీ బళ్ళోవాళ్ళు ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్ విమానాల మ్యూజియానికి తీసుకెళ్ళారనీ, అక్కడ స్పిట్‌ఫైర్ అనే పాత యుద్ధ విమానం చూశావనీ చెప్పావు. అది 1940లో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన విమానమేనని చెప్పిన పెద్దాయనే, దాని రేకుల్లో చాలా వరకు ఈమధ్య చేసినవేనని కూడా చెప్పాడన్నావు. “అయితే అది దొంగ విమానమా తాతయ్యా?” అన్నావు. మీ నాన్న పక్కనుంచి నవ్వాడు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. ఫోన్లో చెబుదామంటే సగంలో లైను పోతుంది, అందుకని కాగితం తీశాను.

మీరు చూసింది ఎన్3200 అయ్యుంటుంది. తోక వైపు పక్కన నల్లటి అక్షరాలతో ఆ నంబరు ఉంటుంది. 1940 మే 26న, ఫ్రాన్సులోని డంకర్క్ ఒడ్డున చిక్కుకున్న బ్రిటన్ పక్షపు సైనికుల్ని ఓడల్లో దాటించడం మొదలైన రోజున, జెఫ్రీ స్టీవెన్‌సన్ అనే స్క్వాడ్రన్ లీడర్, అంటే దళ నాయకుడు, దీన్ని నడుపుకుంటూ వెళ్ళాడు. దెబ్బ తగిలింది. ఫ్రాన్సులో కలే ఊరి పక్కన సాంగాట్ అనే చోట సముద్రపు ఇసుక మీద దించేశాడు. ఆయన్ని జర్మన్లు పట్టుకుపోయారు, యుద్ధం అయ్యేదాకా చెరలోనే ఉన్నాడు. విమానం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆటుపోట్లు రోజుకింత ఇసుక కప్పాయి. మళ్ళీ దాన్ని బయటికి తీసింది 1986లో, అంటే 46 ఏళ్ళకి. మీ నాన్న అప్పుడు రెండో తరగతి.

సముద్రపు నీళ్ళలో అన్నేళ్ళు నానిన రేకు ఎలా ఉంటుందో తెలుసా? చింతపండు పులుసు రాత్రంతా వదిలేసిన పాత అల్యూమినియం గిన్నెను పొద్దున మీ నాయనమ్మ నాకు చూపించి మరీ తిడుతుంది. అడుగున తెల్లటి మచ్చలు, వేలితో గీరితే పిండి, దీపానికి అడ్డం పెడితే సూదిమొన అంత చిల్లులు. ఆ గిన్నెలో నీళ్ళు పట్టుకోవడానికే మనం ఒప్పుకోం. అలాంటి రేకుతో మనిషిని ఆకాశంలోకి పంపుతామా? అందుకని కొత్త రేకులు కొట్టారు. పాతవి మాత్రం పారెయ్యలేదు. టైలరు దగ్గరికి మీ అమ్మ ఆది జాకెట్టు తీసుకెళుతుంది చూశావా, అలా పాత ముక్కను ఆదిగా పెట్టుకుని, పాత డ్రాయింగులు చూసుకుని, ఏ చిల్లు ఎక్కడుందో ఆ చిల్లు అక్కడే వేసి కొత్తది చేస్తారు. బతికున్న భాగాన్ని పరీక్షించి, పనికొస్తే వాడతారు. చివరికి దాన్ని కట్టి నిలబెట్టింది డక్స్‌ఫర్డ్‌లోనే. 2014లో అది మళ్ళీ ఎగిరింది. మరుసటి ఏడు దాన్ని మ్యూజియానికే ఇచ్చేశారు. ఇంకో సంగతి, స్టీవెన్‌సన్ నడిపిన 19వ దళం సొంత ఊరు ఆ డక్స్‌ఫర్డే. స్పిట్‌ఫైర్లు బ్రిటన్ వైమానిక దళానికి మొట్టమొదట అందింది 1938 ఆగస్టులో, ఆ దళానికే, ఆ మైదానంలోనే. అంటే పిల్ల ఇల్లు చేరినట్టే కదా!

ఇప్పుడు సైకిలు సంగతి చెబుతాను.

మా నాన్నగారికి సైకిలు షాపు ఉండేది. ఆయన సొంతానికి హెర్క్యులిస్ సైకిలు ఉండేది. నాకు ఊహ తెలిసేటప్పటికే దాని టైర్లు మూడుసార్లు మారాయి. తర్వాత చైను పోయింది, ఫ్రీవీలు పోయింది. వెనక చక్రం పుల్లలు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి, చివరికి రిమ్మే మార్చారు. సీటు ఎలుకలు కొరికాయి. హ్యాండిలు నేను చెట్టుకి గుద్ది వంచేశాను, తన్నులు కూడా తిన్నాను. మడ్‌గార్డులు, పెడళ్ళు, బెల్లు, క్యారియరు, ఏదీ మొదట్లోది కాదు. ఆఖరికి ముందు ఫోర్కు కూడా మార్చారు. అయినా ఎవరైనా “ఎవరి సైకిలురా అది?” అంటే “నాన్నగారిది” అనేవాణ్ణి. “అసలు సైకిలేనా?” అని ఎవరూ అడగలేదు.

అడిగితే మాత్రం నాన్నగారి దగ్గర జవాబుంది. సీటు కింద గొట్టం మీద కంపెనీవాడు చెక్కిన నంబరుంది. గ్రీజు తుడిచి, నా వేలు పట్టుకుని ఆ అంకెల మీద రాయించేవారు. “ఇది పోతే సైకిలు పోయినట్టు, మిగతావన్నీ సామానే” అనేవారు. విమానాలకీ అంతే. తయారైనప్పుడు దాని నంబరు కొట్టిన చిన్న రేకు బిళ్ళ ఒకటి లోపల బిగిస్తారు. ముక్కలైపోయిన విమానానికి ఆ బిళ్ళా, దానితోపాటు దొరికిన భాగాలూ, అవి ఎక్కడ ఎలా దొరికాయన్న కాగితాలూ ఉంటే, మళ్ళీ కట్టినదానికి ఆ పాత పేరే నిలుస్తుంది.

బిళ్ళ అంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో సైకిలుకి ఏటా పన్ను కట్టాలి. కడితే ఒక రేకు బిళ్ళ ఇచ్చేవారు, ఒక ఏడు గుండ్రంగా, ఒక ఏడు పలకలుగా. దాన్ని ముందువైపు బిగించుకోవాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నా స్నేహితుడు ఒకడు పన్ను కట్టలేదు. వాడికి ఆరోజు సినిమాకి పోవాలి. రోడ్డు మలుపులో బిళ్ళలు చూసే మనిషి నిలబడి ఉంటాడు. నేనేం చేశానంటే, నాన్నగారి సైకిలు బిళ్ళ విప్పి వాడి సైకిలుకి బిగించాను. స్క్రూడ్రైవరు నా చేతిలోదే కదా! మలుపులో ఆ మనిషి బిళ్ళ చూశాడు, పుస్తకంలో నంబరు చూశాడు, స్నేహితుడి మొహం చూశాడు. “ఈ బిళ్ళ సైకిలు షాపాయనది కదా, నువ్వెప్పుడు పుట్టావురా ఆయనకి?” అన్నాడు. సాయంత్రం నాన్నగారు నన్ను కొట్టలేదు. వారం రోజులు మాట్లాడలేదు. తన్నులే నయం.

ఇది ఎందుకు చెప్పానంటే, విమానాల్లో కూడా ఆ స్క్రూడ్రైవరు పని చేసేవాళ్ళున్నారు. చేతిలో ఒక బిళ్ళ, నాలుగు తుప్పు ముక్కలు. వాటి చుట్టూ పూర్తిగా కొత్త విమానం కట్టి, పాత వీరుడి పేరు తగిలించి, కోట్లకి అమ్ముతారు. చట్టం ఒప్పుకున్నా నా మనసు ఒప్పుకోదు. మీ పెద్దాయన అలా చెయ్యలేదు చూడు. పిల్లలే కదా అనుకోకుండా ఏది కొత్తో ఏది పాతో ఉన్నదున్నట్టు చెప్పాడు. కొత్త రేకు వెయ్యడంలో దొంగతనం లేదమ్మా, వేసి దాచడంలో ఉంది.

నా సైకిలు పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది, ఒప్పుకుంటాను. సైకిలు ఏ రోజూ ఆగలేదు. ఒక్కో ముక్కా మారుతున్నా మిగతావి రోడ్డు మీదే ఉన్నాయి. ఎన్3200 అయితే 46 ఏళ్ళు ఇసుకలో పడుంది, లేచినప్పుడు ఒక్కసారే చాలా వరకు మారాయి. కానీ యుద్ధం రోజుల్లోనూ విమానాలు చెక్కుచెదరకుండా ఏమీ లేవు. రెక్క విరిగినదానికి ఇంకోదాని రెక్క తగిలించి వారంలో మళ్ళీ పంపేవారు.

అంత దూరం ఎందుకు, మన కాన్పూరు చూడండి. యుద్ధం అయిపోయాక బ్రిటిష్‌వాళ్ళు లిబరేటర్ అనే పెద్ద బాంబర్ విమానాల్ని చకేరీ మైదానంలో గుట్టగా వదిలేశారు. ఇంకెవరూ ఎగరేయకూడదని కావాలనే పాడుచేసి మరీ పోయారు. స్వాతంత్ర్యం వచ్చాక మన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వాళ్ళు ఆ గుట్ట దగ్గరికి వెళ్ళి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టి, దాదాపు నలభైని బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని బెంగళూరుకి ఎగరేసుకుంటూ తీసుకెళ్ళాడు. ఆలోచించండి, ఆ గుట్టలోంచి తీసిన విమానం ఎక్కి మొదటిసారి గాల్లోకి లేపడం! 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మీ దేశంలోనే, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ప్రపంచంలో లిబరేటర్లు కాసిని మిగిలాయంటే అందులో మన ఫిట్టర్ల చేతి చలవ చాలా ఉంది. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వం వస్తుంది, ఏమనుకోకండి.

ఇంకో రకం కూడా ఉంది. మన వైమానిక దళం దగ్గర పరశురామ అనే డకోటా రకం పాత రవాణా విమానం ఉంది. దాన్ని ఇంగ్లండులో బాగుచేయించి, 2018లో కానుకగా ఇచ్చింది మన పార్లమెంటు సభ్యుడొకాయన. ఆయన తండ్రి డకోటాలు నడిపినవాడు. దాని తోక మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబర్ 27న కశ్మీరుకి సైనికుల్ని చేర్చిన డకోటాల్లో ఒకదాని నంబరది. అయితే ఈ విమానం ఆ విమానం కాదు. ఇది అప్పట్లో బ్రిటిష్ దళంలో తిరిగి, తర్వాత మీ దేశంలోనే ప్రయాణాలకి తిరిగింది. మరి ఇది బిళ్ళ మార్చడం కాదా అంటావేమో. కాదు. కన్నయ్యా, నీ అసలు పేరు మా నాన్నగారిదే కదా! నిన్ను చూసి ఆయనే వచ్చాడని ఎవరూ మోసపోలేదు. మీ నాయనమ్మ మాత్రం మామగారి పేరు నోటితో అనకూడదని నిన్ను కన్నయ్యా అంటుంది. ఇదీ అలాంటిదే, తాత పేరు మనవడికి పెట్టడం.

మరి ఎన్3200 తాతా, మనవడా? నిజం చెప్పనా బుజ్జమ్మా, వారం నుంచి ఆలోచిస్తున్నా నాకు తేలలేదు. పొద్దున ఒకటనిపిస్తుంది, రాత్రి ఇంకోటి.

అందుకని మీకో పని చెబుతాను. సెలవుల్లో నాన్నని పట్టుకుని లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ హాల్లో పైనుంచి ఒక స్పిట్‌ఫైర్ వేలాడుతుంటుంది, ఆర్6915. 1940లో 57 సార్లు యుద్ధానికి ఎగిరింది. దాన్ని మళ్ళీ ఎగరేయడానికి ఎవరూ కొత్తగా కట్టలేదు. కింద నిలబడి కాసేపు తలెత్తి చూడండి. తర్వాత ఒకరోజు, విమానాలు ఎగిరే రోజు చూసుకుని, డక్స్‌ఫర్డ్‌కి మళ్ళీ వెళ్ళి ఎన్3200ని చూడండి. రెక్కల్ని తర్వాత చూద్దురు గాని, ముందు వంగి ముక్కు కింద నేల చూడండి. నూనె చుక్కలు పడకుండా అక్కడ పళ్ళెమేమైనా పెట్టారా? పెడితే ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. నాన్నగారి సైకిలు కింద కూడా నేను అలాగే పాత డబ్బా మూత పెట్టేవాణ్ణి.

మీ తాతయ్య