పొరకు అడ్డంగా చీలే రాయి

ఉత్తర వేల్స్‌లో లాండడ్నో జంక్షన్ దగ్గర ఎక్కిన చిన్న రైలు కాన్వీ లోయలో పచ్చిక బయళ్ళ వెంట తాపీగా సాగి, చివర్లో మూడు కిలోమీటర్లు దాటిన సొరంగంలోకి దూరుతుంది. అవతల తేలేసరికి పచ్చదనం ఉండదు. ఇళ్ళ పెరటిగోడల దాకా దిగిన నల్లబూడిద రంగు పలకరాతి ముక్కల గుట్టలుంటాయి. వాన పడుతుంటే (అక్కడ తరచుగా పడుతూనే ఉంటుంది) ఆ గుట్టలు నిగనిగా మెరుస్తాయి. ఊరు బ్లైనై ఫెస్టినియోగ్. 1951లో స్నోడోనియా జాతీయ పార్కుకు హద్దులు గీసినప్పుడు, ఈ గుట్టలు ప్రకృతి సౌందర్యం లెక్కలోకి రావని ఊరిని మినహాయించి చుట్టూ గీశారు. పార్కు మ్యాపు మధ్యలో గారెకు చిల్లులా కనిపించేది ఇదే. 2021లో యునెస్కో మాత్రం ఇక్కడి గనులను వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతంలో భాగంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మార్కాపురం పలక మీద అఆలు దిద్దినవాళ్ళకు ఈ రాయి కొత్తేమీ కాదు. రెండూ ఒకే జాతి, వయసులో మనదే పెద్దది: నల్లమల అంచున ఉన్న పలకరాళ్ళు వంద కోట్ల ఏళ్ళు పైబడినవి, ఫెస్టినియోగ్‌వి 45 కోట్ల ఏళ్ళు దాటినవి. కడప బండలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు, అవి సున్నపురాయి.

పలకరాయి పల్చగా చీలడం చూసి, సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న బురద మళ్ళీ ఆ పొరల వెంటే విడిపోతోందని అనుకోవడం సహజం. కానీ జరిగేది అది కాదు. వేల్స్ కొండల్లో తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త ఆడం సెడ్జ్‌విక్ 1835లోనే స్పష్టంగా చెప్పాడు, రాయి చీలే దిశ వేరు, బురద పేరుకున్న దిశ వేరు అని. ఇక్కడి గుట్టల్లో చారలున్న ముక్క దొరికితే ఈ సంగతి కంటితోనే చూడొచ్చు. నున్నగా చీలిన ముఖం మీద ఒక లేత చార అడ్డంగానో ఏటవాలుగానో పోతుంటుంది. అసలు పొర ఆ చారే. రాయి దాన్ని ఖాతరు చేయకుండా కోసుకుంటూ చీలింది.

ఎందుకలా? ఒకప్పుడు అక్కడున్న సముద్రం మూసుకుపోయి భూఖండాలు ఢీకొన్నప్పుడు, దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందట, ఆ బురదరాయి పక్కల నుంచి విపరీతంగా నలిగింది. ఆ ఒత్తిడికీ వేడికీ బంకమట్టి ఖనిజాలు అభ్రకంగా, క్లోరైట్‌గా మారాయి. రెండూ సన్నటి రేకుల్లా పెరిగేవే. రేకులన్నీ ఒత్తిడి వచ్చిన దిశకు అడ్డంగా, ఒకే వరసలో సర్దుకున్నాయి. రాయి చీలేది ఆ వరస వెంట. ఒత్తిడే దీనికి కారణమని చూపించడానికి భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1856లో మామూలు తెల్ల మైనాన్ని గట్టిగా నొక్కాడు. అదీ రేకులుగా చీలింది.

పనివాళ్ళకు ఈ సిద్ధాంతాలతో పనిలేదు. వాళ్ళ చేతులకు తెలిసింది వేరే: దిమ్మను ఎప్పుడూ సగానికే చీల్చాలి. వెడల్పాటి పల్చని ఉలిని అంచు మధ్యలో ఆనించి చెక్క సుత్తితో తడితే దిమ్మ రెండవుతుంది. ఆ సగాన్ని మళ్ళీ సగం, దాన్ని మళ్ళీ సగం. ఒక పక్క మందంగా, మరో పక్క పల్చగా ఉండేలా ఉలి పెడితే, పల్చటి పక్క ఎక్కువ వంగి పగులు దారితప్పుతుంది, పలక మధ్యలో విరుగుతుంది. గనిలోంచి తెచ్చిన దిమ్మను ఆరనివ్వకూడదు కూడా. లోపలి తడి పోతే చీలడానికి మొరాయిస్తుంది. అన్నీ కుదిరితే ఇంటికప్పు మీద వందేళ్ళు ఉండే పలక వస్తుంది. అంత నైపుణ్యం ఉన్నా టన్ను మంచి పలకకు పది టన్నుల దాకా వృథా పోయేది. ఊరి మీదికి వాలిన గుట్టలు ఆ వృథానే.

ఫెస్టినియోగ్‌లో పలకరాతి పట్టీలు నిలువుగా లేవు, సుమారు 30 డిగ్రీల వాలుతో కొండ లోపలికి దిగిపోతాయి. పైనుంచి తవ్వాలంటే ముందు దాని మీదున్న కొండను తొలగించాలి. అందుకని లోపలికే దూరారు. వాలు వెంట పెద్దపెద్ద గదులు తొలుస్తూ, మధ్యలో రాతి గోడలను కప్పుకు ఆసరాగా వదిలేశారు. రాయి కొట్టేవాడు తొడకు గొలుసు చుట్టుకుని, ఏటవాలు రాతి మీద వేలాడుతూ, కొవ్వొత్తి వెలుగులో పేలుడు మందుకు రంధ్రం తొలిచేవాడు. జీతం నెలకింత అని ఉండేది కాదు, పనివాళ్ళ ముఠాకు కేటాయించిన రాతిముఖం మంచిదో కాదో చూసి నెలనెలా బేరమాడుకోవాలి. ఒక గనిలో ఆసరా గోడల్ని మరీ సన్నగా కొట్టేసి 1880లలో పెద్ద కూలుడు తెచ్చుకున్నారు. రాయి చేసిన మోసం కాదు అది, మనుషుల పేరాశ.

దుమ్ము సంగతి ఇంకా చేదు. పలకరాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని గట్టిపడేలా చేస్తుంది. జబ్బుకు కారణం దుమ్ము కాదు, రోజంతా మరగబెట్టిన టీ తాగడమని చెప్పిన గని డాక్టర్లు ఉన్నారు. యజమానులు మూసేసిన గనుల కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం 1979లో గానీ రాలేదు. అప్పటికే పెద్ద గనులు చాలా మూతపడ్డాయి.

తయారైన పలకలు రేవుకు దిగడానికి మాత్రం పెద్దగా శ్రమ లేదు. 1836లో మొదలైన ఫెస్టినియోగ్ రైలుమార్గాన్ని జేమ్స్ స్పూనర్ కొండ నుంచి పోర్త్‌మడోగ్ రేవు దాకా దాదాపు అంతటా వాలుగా వేశాడు. పలకలు నింపిన బండ్లు వాటంతటవే దొర్లిపోయేవి, బ్రేకులు వేసే మనుషులు పైన కూర్చునేవాళ్ళు. ఖాళీ బండ్లను పైకి లాగాల్సిన గుర్రాలు దిగేటప్పుడు తమ బండిలో నిలబడి గడ్డి నములుతూ ప్రయాణించేవి! 1842లో అగ్నిప్రమాదంతో తగలబడిన హాంబుర్గ్ నగరం ఈ పలకలతో కప్పులు వేసుకుంది. ఇప్పుడు అదే మార్గంలో పర్యాటకులు ఆవిరి రైలెక్కుతున్నారు.

డొల్ల గదులకూ గిరాకీ దొరికింది. లెహ్వెద్ గనిలో సందర్శకులు లోతుకు దిగి చూసొస్తారు. ఊరి పక్కనున్న మానోడ్ గదులకు దొరికిన పని మాత్రం వేరు. 1941లో లండన్ నేషనల్ గ్యాలరీ బొమ్మలు బాంబుల నుంచి కాపాడ్డానికి అక్కడికి చేరాయి. వాన్ డైక్ గీసిన గుర్రం మీది మొదటి చార్లెస్ రాజు బొమ్మ చాలా ఎత్తు కావడంతో, దారిలో ఒక రైలు వంతెన కింద రోడ్డునే లోతు చేశారు. గుహల్లో కట్టిన ఇటుక గదుల్లో ఉష్ణోగ్రత, తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉంచగలిగారు. లండన్‌లో నిత్యం పగిలి పెచ్చులూడే పాత చెక్కపలకల చిత్రాలు అక్కడ నిలకడగా ఉండటం చూసి, యుద్ధం తర్వాత గ్యాలరీలో ఎయిర్ కండిషనింగ్ పెట్టారు.