ముందు లూజు తీయండి, ఆ తర్వాతే అలైన్‌మెంట్

చి॥ పెద్దోడికీ, చి॥ బుజ్జమ్మకీ పెదనాన్న ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్ ఆల్టో 800 కొన్నారని, స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించితే మలుపుల్లో బాగా పట్టుకుంటుందని మీ ఫ్రెండు చెప్పాడని రాశారు. ఫోన్లో చెప్తే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. విజయవాడ ఆటోనగర్లో ఇన్నేళ్ళూ నేను చేసిన పని ఇదే కాబట్టి కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

ముందు మీ బండి సంగతి తెలుసుకోండి. దాని బరువు 700 కిలోలకి అటూ ఇటూ. నలుగురు పెద్దవాళ్ళెక్కితే ఇంకో 250 కిలోలు పడుతుంది, అంటే బండి బరువులో మూడో వంతుకి పైనే. పెద్ద కారుకి ఈ తేడా తెలియదు గానీ చిన్న కారుకి బాగా తెలుస్తుంది. ఒక్కడే నడిపినప్పుడు ఉన్న ఎత్తు, చక్రాల కోణం నలుగురెక్కాక ఉండవు. కాబట్టి ఒక్కడు కూర్చుని "అదిరిపోయింది" అన్న సెట్టింగు అరకు ఘాట్ రోడ్డులో ఇంటిల్లిపాదితో అదిరిపోతుందని నమ్మకం లేదు.

ముందు చక్రాలకి ఉన్నది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ అనే ఇంజినీరు 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఒక చవకైన చిన్న కారు కోసం పనిచేస్తూ దీని మీద ఆలోచన సాగించాడు. ఆ కారు ప్రాజెక్టు ఆగిపోయింది. ఆయన ఫోర్డుకి వెళ్ళాడు, 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌కి ఈ పద్ధతి పెట్టారు. షాక్ అబ్జార్బరు, స్ప్రింగు, చక్రాన్ని నిలబెట్టే కాలు అన్నీ ఒకే ముక్కలో అయిపోతాయి. చవక, తేలిక, ఇంజిన్‌కి చోటు మిగులుతుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లకి దాదాపు అన్నిటికీ ముందు ఇదే.

దీంట్లో ఒక లోటు ఉంది. బండి మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దాదాపు బండితోపాటే బయటికి వాలుతుంది. అప్పుడు టైరు లోపలి అంచు తేలికపడి, బయటి అంచు మీదే భారం పడుతుంది. పట్టు తగ్గేది అక్కడే. అందుకే ఈ బండికి ఒరుగుడు తగ్గించడం ముఖ్యం. మీ ఫ్రెండు ఆలోచన అంతవరకూ బాగానే ఉంది. అక్కడి నుంచే దారి తప్పింది.

స్ప్రింగు కోసి 40 మిల్లీమీటర్లు దించారనుకోండి. చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో, దాన్నే రోల్ సెంటర్ అంటారు, అది బాడీ దిగినదానికన్నా ఎక్కువ దిగిపోతుంది. బాడీ బరువు కేంద్రానికీ ఆ బిందువుకీ మధ్య దూరం పెరుగుతుంది. దాంతో బండిని ఒరగదోసే బలం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది కాబట్టి ఆ సంగతి పైకి వెంటనే తెలియదు, నడుములకి మాత్రం తెలుస్తుంది. పైగా స్టీరింగు రాడ్డు, లోయర్ ఆర్మ్ ఒకదానికొకటి పొందిక తప్పుతాయి. గుంతలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తనే కాస్త తిరుగుతుంది. స్టీరింగు మీరు కదపలేదు, బండి మాత్రం కదిలింది. మెకానిక్కులు బంప్ స్టీర్ అనేది దీన్నే.

ఇంకొకటి. ఆల్టోకి నేలకీ మధ్య ఖాళీ 160 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అలా కట్టినది మన ఊళ్ళల్లో ఎక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి పంపండి, చూసి సంతోషిస్తా. మన దగ్గర ఉండేవి రోడ్డుకి అడ్డంగా కట్టిన పిట్టగోడలు. 40 తీసేసి, నలుగుర్ని ఎక్కించి వాటిని దాటడమెలాగో మీరే ఆలోచించుకోండి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి బండిని పైకి లేపే ఫ్యాషను కూడా ఒకటుంది. అదీ వద్దు. బఫరు ఉన్నచోట స్ప్రింగు పని చేయదు, మిగిలిన చుట్ల మీద, స్ట్రట్‌ని పైన బాడీకి పట్టే మౌంట్ మీద దెబ్బ పడుతుంది.

మరి ఏం చేయాలంటారా? ముందు లూజు వెతకాలి. పాత చిన్న కారు మలుపులో తడబడితే, పది బళ్ళలో తొమ్మిదింటికి కారణం ఎక్కడో ఒక జాయింట్ ఆడుతుండటమే. లూజు ఉన్న బండికి అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, దండగ. మెషీన్ మీద నిలబడి ఉన్నప్పుడు ఒక కొలత, బ్రేకు కొట్టినప్పుడు ఇంకో కొలత.

బండిని జాకీ మీద లేపి, స్టాండు పెట్టండి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టొద్దు, ఈ మాట మీద రాజీ లేదు. ముందు చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ఆడితే లోయర్ ఆర్మ్ బయటి చివరుండే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. 3, 9 దగ్గర పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ (స్టీరింగు రాడ్డు) బయటి జాయింటైన టై రాడ్ ఎండ్ గానీ, లోపలి జాయింటైన రాక్ ఎండ్ గానీ. తర్వాత లోయర్ ఆర్మ్‌ని బాడీకి పట్టే రబ్బరు జాయింటు, అదే బుష్, దాని దగ్గర రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు పగిలినా, మధ్య గొట్టం నుంచి విడిపోయినా కనిపించేస్తుంది. బ్రేకు వేస్తే "టక్" మని చప్పుడు, బండి ఒక్కసారిగా పక్కకి అడుగేసినట్టుండటం ఈ బుష్ పనే.

బుష్ మార్పిస్తే పక్కన నిలబడి ఒక్కటి చూసుకోండి. ఆ బుష్‌లో రబ్బరు లోపలి ఇనప గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరే మెలితిరిగి మళ్ళీ వెనక్కొస్తుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేస్తే, రబ్బరుకి ఆ వేలాడే స్థితే మామూలు స్థితి అయిపోతుంది. బండి కిందికి దించగానే అది మెలితిరిగిపోతుంది, రోజంతా అలాగే ఉంటుంది. కొత్త బుష్ కొన్నాళ్ళకే చిరిగిపోతుంది, "డూప్లికేట్ మాల్" అని షాపువాణ్ణి తిడతారు. బోల్టు వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, కాస్త ముందుకీ వెనక్కీ తోసి, బరువంతా చక్రాల మీద ఉండగా చివరి బిగింపు వేయాలి. చాలామంది మెకానిక్కులకి ఇది తెలుసు, వంగి చేయడానికి బద్ధకం అంతే. టీ ఇప్పించి అడగండి.

షాకర్ల మాట. రాడ్డు దగ్గర ఆయిల్ కారి, దుమ్ము పట్టి నల్లగా ఉంటే మార్చాల్సిందే. మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపి మార్చండి. స్ప్రింగు బండిని మోస్తుంది, ఆ స్ప్రింగు ఊగకుండా ఆపేది షాకరు. అది పోయాక మలుపు మధ్యలో చిన్న గుంత తగిలితే టైరు నేలని వదిలేస్తుంది. కంపెనీ ఎత్తులోనే, మంచి షాకర్లు, మంచి బుష్‌లు ఉన్న ఆల్టో మీ ఫ్రెండు కోసిన బండికన్నా బాగా తిరుగుతుంది. పందెం కాయమంటే కాస్తా.

ఇక టైర్ల దగ్గరికి రండి. ట్రెడ్ మీద అరచేత్తో అడ్డంగా, బయటి నుంచి లోపలికి, మళ్ళీ లోపలి నుంచి బయటికి నిమరండి. ఒకవైపుకి నిమిరితే నున్నగా, రెండోవైపుకి నిమిరితే వేళ్ళకి గరుగ్గా తగిలితే టో తేడా. ఒక అంచు మాత్రమే నున్నగా అరిగిపోతే క్యాంబర్ మీద అనుమానపడండి. ఇవేమిటో కింద చెప్తాను.

టో అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. మీ 145/80 ఆర్ 12 టైరు ఎత్తు దాదాపు 537 మిల్లీమీటర్లు. ఆ ఎత్తులో ఒక చక్రం 3 మిల్లీమీటర్లు తిరిగి ఉంటే అది చిన్న కోణమే, డిగ్రీలో మూడో వంతు కూడా లేదు. కానీ లెక్కేయండి: కిలోమీటరు నడిస్తే ఆ టైరు 5 మీటర్ల పైచిలుకు పక్కకి ఈడ్చుకుపోయినంత పని. హైదరాబాద్ వెళ్ళొస్తే ఎంత రబ్బరు రోడ్డుకి సమర్పించుకున్నట్టో మీరే చూసుకోండి. కాస్త లోపలికి తిరిగి ఉంటే బండి తిన్నగా వెళ్తుంది, కాస్త బయటికి ఉంటే మలుపుకి చురుగ్గా తిరుగుతుంది గానీ హైవే మీద అస్తమానం సర్దుకోవాల్సొస్తుంది. మీకు సున్నాకి దగ్గరగా, కంపెనీ ఇచ్చిన హద్దులో ఉంటే చాలు.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం వాలు. నిలబడ్డప్పుడు పైభాగం అర డిగ్రీ లోపలికి వాలి ఉంటే, మలుపులో బండి ఒరిగాక బయటి చక్రం నిటారుకి దగ్గరగా వస్తుంది. అది కంపెనీ హద్దులో దొరికితే తీసుకోండి, రెండు వైపులా సమానంగా. స్ట్రట్ కింద ఉన్న రెండు బోల్టులు వదులు చేస్తే కొద్దిగా జరుగుతుంది. అది చాలకపోతే ఏదో వంగిందని అర్థం. అప్పుడు హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌నే వంచి "క్యాంబర్ సెట్ చేశాం సార్" అనే షాపులున్నాయి. ఒప్పుకోవద్దు. వంగిన భాగాన్ని మార్చాలి గానీ, ఇంకో భాగాన్ని వంచి సరిపెట్టకూడదు. క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అదే. మీ బండిలో దాన్ని మార్చే వీలు లేదు. వెనక ఇరుసు ఒకే ముక్క కాబట్టి అక్కడా తిప్పేదేమీ లేదు. మెషీన్‌లో వెనక కొలత ఎర్రగా వస్తే ఇరుసుని బాడీకి కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు పోయాయో, ఇరుసే వంగిందో చూడమనండి.

షాపుకెళ్ళే ముందు నాలుగు టైర్లూ చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి పెట్టించండి. డిక్కీలో సామానంతా తీసేయండి. ముందు క్యాంబర్, చివర టో. క్యాంబర్ కదిపితే టో కూడా మారిపోతుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. స్టీరింగు తిన్నగా లాక్ చేసి, రెండు టై రాడ్లనీ సమానంగా తిప్పాలి. ఒకటే తిప్పితే టో సరిపోతుంది గానీ తిన్నటి రోడ్డు మీద స్టీరింగు వంకరగా ఉంటుంది. అప్పుడు కొందరు స్టీరింగు చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెట్టి ఇచ్చేస్తారు. అది చేయనివ్వొద్దు, మళ్ళీ టై రాడ్ల దగ్గరే సరిచేయమనండి.

అంతా అయ్యాక కూడా బండి మెల్లగా ఎడమకి జరుగుతుంటే గాభరా పడకండి. మన రోడ్లు నీళ్ళు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి, మనం ఎడమ పక్కన పోతాం. గట్టిగా లాగితే మాత్రం ముందు రెండు టైర్లూ అటుదిటు మార్చి చూడండి. లాగుడు పక్క మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. డబ్బు మిగిలింది.

షాపువాళ్ళిచ్చే ప్రింటవుట్‌లో ముందు కొలతలు, తర్వాత కొలతలు రెండూ ఉంటాయి. ఒక్క "తర్వాత" ఉన్న కాగితం తీసుకోకండి. రెండూ కనపడేట్టు ఫొటో తీసి, టైర్ల ఫొటోతో సహా నాకు వాట్సాప్‌లో పెట్టండి. చూసి చెప్తాను.

మీ పెదనాన్న