చెయ్యి తిమ్మిరెక్కితే తప్పు మెడదేనా? భుజం, చేతి నరాలపై అపోహలు - వాస్తవాలు

తెలుగులో ‘నరం’ అనే మాట మీద చాలా బరువు పడింది. సెలైన్ ఎక్కించడానికి నర్సు వెతికేదీ నరమే. ముంజేతి మీద నీలంగా తేలేదీ నరమే. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచేదీ నరమే. నిజానికి మొదటి రెండూ రక్తాన్ని మోసే సిరలు, మూడోది కండరాన్ని ఎముకకు కట్టే టెండన్. అసలు నరం తెల్లటి దారప్పోగుల కట్టలా లోపల ఉంటుంది. వెన్నుపాము నుంచి ఆదేశాన్ని కండరానికి చేరవేస్తుంది, చర్మం నుంచి స్పర్శను వెనక్కి తెస్తుంది. ఇక్కడ నరం అంటే అదొక్కటే.

భుజానికీ చేతికీ వెళ్లే నరాల్లో దాదాపు అన్నీ బ్రేకియల్ ప్లెక్సస్ అనే నరాల అల్లిక నుంచే వస్తాయి. వెన్నుపాము నుంచి బయలుదేరే నరాల మొదళ్లను రూట్లు అంటారు, మెడవైతే సి, ఛాతీవైతే టి అంకెలు. సి5, సి6, సి7, సి8, టి1 అనే ఐదు రూట్లు మెడ పక్కన రెండు స్కేలీన్ కండరాల సందులోంచి బయటికొచ్చి మూడు ట్రంకులవుతాయి. ఒక్కో ట్రంకు కాలర్ బోన్ వెనక రెండు పాయలుగా చీలుతుంది. ఆ ఆరు పాయలు చంకలో ధమని చుట్టూ మూడు కార్డులుగా కలుస్తాయి. జడ అల్లికే ఇది. జడ కొసన ఐదు పెద్ద నరాలు: మస్క్యులోక్యుటేనియస్, ఆగ్జిలరీ, రేడియల్, మీడియన్, అల్నార్. ఒక రూట్‌లోని పోగులు చాలా నరాల్లోకి వెళతాయి, ఒక నరంలో చాలా రూట్ల పోగులుంటాయి. కింది అపోహల్లో చాలావాటికి జవాబు ఈ అల్లికలోనే ఉంది.

అపోహ: చెయ్యి తిమ్మిరెక్కిందంటే మెడలో నరం నొక్కుకుపోయినట్టే.

మెడ ఒక కారణం, అంతే. నరం మెడ నుంచి వేలి కొస దాకా ఎక్కడైనా నొక్కుకోవచ్చు. ఎక్కడ అన్నది చాలావరకు వేళ్లే చెబుతాయి, ముఖ్యంగా ఉంగరపు వేలు. ఆ వేలికి బొటనవేలి వైపు సగం మీడియన్ నరానిది, చిటికెన వేలి వైపు సగం అల్నార్ నరానిది. దూదిపింజతో ఒక్కో పక్కా తాకి చూడండి. వేలు నిలువునా సగం మొద్దుగా, సగం మామూలుగా ఉంటే తేడా నరంలో ఉంది. మెడలో రూట్ దెబ్బతింటే వేలు ఇలా సగానికి చీలదు.

బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి, రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే నెమ్మదించేది మణికట్టులో మీడియన్ నరం నొక్కుకోవడం, అంటే కార్పల్ టన్నెల్. ఇందులో బొటనవేలి కింద అరచేతి మెత్తటి భాగానికి స్పర్శ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వెళ్లే కొమ్మ సొరంగంలోకి దిగకముందే విడిపోయి పైనుంచి పోతుంది. బొటనవేలు, చూపుడు వేలు సి6 రూట్ పరిధిలోకి కూడా వస్తాయి. అయితే సి6 తేడాలో మెడ వెనక్కి వంచి అదే పక్కకు తిప్పితే నొప్పి చేతిలోకి దూసుకెళుతుంది, మోచెయ్యి మడిచే బలం తగ్గుతుంది. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉందని చాలామంది చెబుతారు. కార్పల్ టన్నెల్‌కు ఈ లక్షణాలు ఉండవు.

చిటికెన వేలి పక్క మొద్దుబారినప్పుడు చూడాల్సింది ముంజేతి లోపలి పక్క. అక్కడి చర్మానికి అల్నార్ నరం వెళ్లదు. ఆ మూడు కార్డుల్లో ఒకటైన మీడియల్ కార్డ్ నుంచి నేరుగా వేరే కొమ్మ వెళుతుంది. మొద్దు మణికట్టు దగ్గరే ఆగితే మోచేతి వెనక అల్నార్ నరాన్ని అనుమానించాలి. ముంజేతి మీదకూ పాకితే తేడా ఇంకా పైన, సి8, టి1 రూట్లలోనో కింది ట్రంకులోనో ఉంది. మోచెయ్యి తలుపుకు తగిలి ‘కరెంటు షాక్ కొట్టింది’ అనిపించేది ఎముక వల్ల కాదు, ఆ అల్నార్ నరం ఎముకకూ చర్మానికీ మధ్య దిక్కులేకుండా పోవడం వల్ల.

అపోహ: రిపోర్టులో సి5-సి6 డిస్క్ అని ఉంది కాబట్టి దెబ్బతిన్నది సి5 నరం.

మెడలో వెన్నుపూసలు 7, నరాలు 8. మొదటి ఏడూ తమ పూసకు పై నుంచి బయటికొస్తాయి, ఎనిమిదోది ఏడో పూసకూ ఛాతీ మొదటి పూసకూ మధ్య నుంచి వస్తుంది. కాబట్టి సి5-సి6 డిస్క్ నొక్కేది సి6ను, సి6-సి7 డిస్క్ నొక్కేది సి7ను. సి7 దెబ్బతింటే నడిమి వేలు మొద్దుబారుతుంది, మోచెయ్యి చాచే ట్రైసెప్స్ బలం తగ్గుతుంది. రిపోర్టులో ఉన్న అంకెకూ చేతిలో కనిపిస్తున్న లోపానికీ పొంతన లేకపోతే ఆ బల్జ్‌ను, అంటే డిస్క్ ఉబ్బును, పక్కన పెట్టాల్సిందే. నలభై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకపోయినా డిస్క్ బల్జ్ కనిపించడం మామూలే.

అపోహ: చెయ్యి పైకి లేవడం లేదంటే భుజం నరం చచ్చుబడింది.

ముందు ఒక్క పరీక్ష. రోగి చెయ్యి వదులుగా పెడితే వేరొకరు దాన్ని పైకెత్తాలి. అప్పుడూ లేవకపోతే కీలే బిగుసుకుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా చూసే ఫ్రోజెన్ షోల్డర్ ఇదే, నరాలకు సంబంధం లేదు. వేరొకరు ఎత్తితే పూర్తిగా లేచి, తనంతట తాను ఎత్తలేకపోతే రెండు దారులు: కండరాల పట్టీ, అంటే రొటేటర్ కఫ్ చినగడం, లేదా నరం.

నరమైతే ఏది? భుజం గుండ్రదనాన్నిచ్చే డెల్టాయిడ్‌కు ఆగ్జిలరీ నరం, దాని లోపలి సుప్రాస్పైనేటస్‌కు సుప్రాస్కాప్యులర్ నరం వెళతాయి. చెయ్యి పక్కకు ఎత్తేటప్పుడు మొదటి 15 డిగ్రీలు సుప్రాస్పైనేటస్, ఆ తర్వాత డెల్టాయిడ్ అని ఎంబీబీఎస్‌లో బట్టీ పట్టిస్తారు. అదీ ఒక అపోహే. కండరంలోని కరెంటును చూపే ఈఎంజీ పరీక్షలో రెండూ మొదటి నుంచీ కలిసే పనిచేస్తూ కనబడతాయి. 90 డిగ్రీలు దాటి పైకి పోవాలంటే రెక్క ఎముక కూడా తిరగాలి. ఆ పని సెర్రేటస్ యాంటీరియర్‌ది, ట్రెపీజియస్‌ది. గోడను రెండు చేతులతో నెట్టినప్పుడు రెక్క ఎముక వెనక్కి రెక్కలా పొడుచుకొస్తే సెర్రేటస్‌కు వెళ్లే లాంగ్ థొరాసిక్ నరం పోయింది. ట్రెపీజియస్‌ను నడిపేది మాత్రం ప్లెక్సస్ కొమ్మ కాదు, కపాలం నుంచి వచ్చే పదకొండో నరం. మెడ పక్కన చర్మం కిందే పోతుంది కాబట్టి టీబీ అనుమానంతో మెడ గడ్డ తీసి పరీక్షకు పంపేటప్పుడు తెగే ప్రమాదం ఉంటుంది. గడ్డ తీసిన తర్వాత భుజం కిందికి జారి, చెయ్యి పైకెత్తలేకపోతుంటే ‘కుట్టు నొప్పి’ అని సరిపెట్టకూడదు.

భుజం కీలు జారినప్పుడు దెబ్బతినేది ఎక్కువగా ఆగ్జిలరీ నరమే. కీలు ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి దాన్ని పరీక్షించి రాసి పెట్టాలి. పోలీసు చొక్కాకు బ్యాడ్జి కుట్టే చోట స్పర్శ చూస్తే చాలదు. అక్కడ స్పర్శ ఉండి కూడా డెల్టాయిడ్ పడిపోయి ఉండొచ్చు. వేళ్లు పెట్టి కండరం బిగుస్తోందో లేదో చూడాలి.

అపోహ: భుజానికి సూది ఎక్కడ పొడిచినా ఒకటే.

భుజం కొనన చేతికి తగిలే ఎముక అంచు నుంచి 2, 3 వేళ్ల వెడల్పు కిందికి, కండరం మధ్యలో. అంచుకు మరీ దగ్గరైతే మందు కీలు పక్కనున్న సంచిలోకి పోయి వారాల తరబడి నొప్పి పెడుతుంది. ఆగ్జిలరీ నరం అంచుకు 5 నుంచి 7 సెంటీమీటర్ల కింద అడ్డంగా పోతుంది, ఇంకా కిందా వెనకా రేడియల్ నరం ఉంది.

అపోహ: ఎడమ చెయ్యి లాగితే గుండె, కుడి భుజం లాగితే కీలు.

గుండె నొప్పి పోగులు ఛాతీ పై భాగపు రూట్లతో, టి1 మొదలుకొని, వెన్నుపాములోకి చేరతాయి. దండచేతి లోపలి పక్క చర్మానిదీ టి1, టి2లే. మెదడు ఆ రెండింటినీ పొరబడుతుంది. అందుకే గుండె నొప్పి చేతి లోపలి పక్కన తోస్తుంది. ఎడమకే పరిమితం కాదు, రెండు చేతులకూ రావచ్చు. కుడి భుజం కొన నొప్పికి పిత్తాశయం కారణం కావచ్చు. పిత్తాశయం వాచి ఉదరవితానాన్ని (ఛాతీకీ కడుపుకీ మధ్య కండరపు పొరను) రేపితే ఆ కబురు మోసేది ఫ్రెనిక్ నరం. అది సి3, సి4, సి5 నుంచి వస్తుంది, భుజం పై చర్మానిది సి3, సి4. చెయ్యి ఎటు కదిపినా భుజం నొప్పి మారకుండా, అన్నం తిన్నాక పెరుగుతుంటే కీలును కాదు, కడుపును చూడాలి. చెమటలు పట్టి ఛాతీ బరువెక్కితే మాత్రం ఈ లెక్కలన్నీ వదిలేసి ఈసీజీకి వెళ్లాలి.

అపోహ: పొద్దున లేచేసరికి మణికట్టు వేలాడిపోతే పక్షవాతమే, ఆకు పసరు పట్టించాలి.

కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి, ఎక్కువగా మత్తులో, గాఢంగా నిద్రపోతే రేడియల్ నరం దండచేతి ఎముకకు ఒత్తుకుంటుంది. మణికట్టు, వేళ్లు పైకి లేవవు. ట్రైసెప్స్ కొమ్మలు అంతకంటే పైనే విడిపోతాయి కాబట్టి మోచెయ్యి చాచడం ఉంటుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనక మొద్దుగా ఉంటుంది. ఇది సాధారణంగా వారాల్లో, కొన్నిసార్లు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. పసరుకు, పావురం రక్తానికి పేరొచ్చేది ఇక్కడే. ఈలోగా మణికట్టును పైకెత్తి ఉంచే స్ప్లింట్ వెయ్యకపోతే కీళ్లు వంగిపోయి బిగుసుకుంటాయి. మూతి వంకర, మాట తడబాటు, కాలి బలహీనతలో ఏ ఒక్కటి తోడైనా అది మెదడు సంగతి, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఏదో తేల్చుకోలేకపోయినా మెదడు సంగతి అనుకుని పరుగెత్తడమే మేలు.

అపోహ: పుట్టిన బిడ్డ చెయ్యి కదపకపోతే బెణికింది, నూనె రాసి లాగితే సరి.

కాన్పులో భుజం ఇరుక్కుని మెడకూ భుజానికీ మధ్య సాగితే సి5, సి6 దెబ్బతింటాయి. చెయ్యి ఒంటి పక్కన వేలాడి, లోపలికి తిరిగి, అరచెయ్యి వెనక్కి చూస్తుంటుంది. దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు. సాగిన నరాన్ని మళ్లీ లాగడం కన్నా అపచారం లేదు. కాలర్ బోన్ కూడా విరిగి ఉండొచ్చు. మొదటి వారం పది రోజులు చెయ్యి కదపకుండా, చంకల కింద పట్టి ఎత్తకుండా చూసి, తర్వాత ఫిజియోథెరపిస్టు చూపినట్టు మెల్లగా కీళ్లు ఆడించాలి. ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. అయితే 3 నెలలు నిండినా మోచెయ్యి మడవడం మొదలుపెట్టకపోతే నరాల సర్జన్‌కు చూపించాలి. ‘ఏడాది నిండాక చూద్దాం’ అన్న మాట వినకూడదు.

అపోహ: బైకు ప్రమాదంలో చెయ్యి పడిపోతే ఏడాది ఆగి చూడాలి, తెగిన నరం ఎలాగూ అతకదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. తల ఒక వైపు, భుజం ఒక వైపు విసురుగా ఒరిగినప్పుడు నరాలు సాగుతాయి, తెగుతాయి, లేదా వెన్నుపాము నుంచే ఊడిపోతాయి. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మెడ నుంచి అరచేతికి 70 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు రెండేళ్లు. ఆదేశం అందని కండరం 12 నుంచి 18 నెలలకే తిరిగిరానంతగా పాడవుతుంది. అంటే నరం చేరేసరికి కండరం ఉండదు. అందుకే ఆపరేషన్ 3 నుంచి 6 నెలల్లోపు జరగాలి.

తెగిన నరాన్ని మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు, దూరం ఎక్కువైతే కాలి పిక్క వెనక నరాన్ని తెచ్చి అతుకు వేస్తారు. రూట్ ఊడిపోతే కుట్టడానికి కొస ఉండదు. అప్పుడు పక్క నరం నుంచి కొన్ని పోగులు మళ్లిస్తారు. 1994లో ఫ్రెంచి సర్జన్ ఒబెర్లిన్ వివరించిన పద్ధతిలో, బాగున్న అల్నార్ నరంలో ఒక చిన్న కట్టను బైసెప్స్ కొమ్మకు కుడతారు. అతుకు కండరానికి దగ్గర్లోనే పడుతుంది కాబట్టి నెలల్లోనే మోచెయ్యి మడవడం వస్తుంది, చేతి పట్టు పెద్దగా తగ్గదు.

ప్రమాదం జరిగిన మర్నాడే ఎన్‌సీవీ (నరంలో కరెంటు ప్రయాణాన్ని కొలిచే పరీక్ష), ఈఎంజీ చేయించడం డబ్బు దండగ. తెగిన నరం కింది ముక్క కొన్ని రోజులు కరెంటును మోస్తూనే ఉంటుంది, కండరంలో మార్పులు కనబడటానికి సుమారు 3 వారాలు పడుతుంది. ఆ రిపోర్టులో ఇంకో తిరకాసు ఉంది. చెయ్యి పూర్తిగా మొద్దుబారి ఉన్నా స్పర్శ నరాల రిపోర్టు ‘నార్మల్’ రావచ్చు. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కానీ దాని అర్థం, స్పర్శ నరాల కణాలుండే ముడి వెన్నుపాము పక్కనే రూట్ మీద ఉంటుంది, దాని కంటే లోపల, వెన్నుపాము దగ్గరే రూట్ ఊడిందని. ముడి నుంచి వేలి దాకా తీగ బాగానే ఉంది, దాన్ని వినే వెన్నుపాముతో సంబంధం లేదు. ఆ పక్క కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదైతే టి1 కూడా ఊడినట్టే.

అపోహ: బి12 సూదులు వేయించుకుంటే నరం బలపడుతుంది.

బి12 తక్కువైతే తప్పకుండా వెయ్యాలి. మాంసాహారం తిననివాళ్లలో, ఏళ్లుగా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఈ లోపం సాధారణం. కానీ నొక్కుకున్న నరం మీద నుంచి బరువు దించే శక్తి దానికి లేదు. ‘నరాల బిళ్లలు’ అని దుకాణంలో అడిగి తెచ్చుకునే వాటిలో బి6 కూడా ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే అరికాళ్లూ అరచేతులూ మొద్దుబారేలా చేస్తుంది. తిమ్మిరి పోవడానికి మింగే బిళ్లే తిమ్మిరి తెస్తుందని చాలామందికి తట్టదు, అందుకే తిమ్మిరి రోగి రాగానే అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి: ఏ బిళ్లలు వేసుకుంటున్నారు, ఎన్నాళ్లుగా? ఆ బిళ్లల పట్టీలు కూడా తెమ్మనాలి.