నలంద తెరుచుకుంది, శ్రీపర్వతం సంగతేమిటి?

2024 జూన్ 19న బీహార్‌లోని రాజ్‌గిర్‌లో నలంద విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణానికి ప్రారంభోత్సవం జరిగింది. మరి ఒకప్పుడు శ్రీపర్వతం అన్న మన నాగార్జునకొండ బౌద్ధ విద్యాపీఠాన్నీ అలా నిలబెట్టలేమా అని గుంటూరు, పల్నాడు వాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అయితే ముందు అక్కడ తిరిగి వచ్చిందేమిటో, ఇక్కడ మిగిలిందేమిటో చూడాలి.

నలంద పునరుద్ధరణ మాటను 2006లో బీహార్ శాసనసభలో ఎత్తింది అబ్దుల్ కలాం. 2010లో పార్లమెంటు చట్టం చేసింది. 2014 సెప్టెంబరులో 15 మంది విద్యార్థులతో, చరిత్ర, పర్యావరణ విభాగాలతో పాఠాలు మొదలయ్యాయి. చట్టం వచ్చిన 14 ఏళ్లకు గానీ 455 ఎకరాల ప్రాంగణానికి ప్రారంభోత్సవం జరగలేదు. పాత శిథిలాల జోలికి ఎవరూ పోలేదు. పాత నలందకు ఊపిరి ఊళ్ల రాబడి. 100 ఊళ్ల ఆదాయం దానికి అందేదని హ్యూయన్‌త్సాంగ్ జీవితచరిత్ర చెబుతుంది. కొత్త నలందను నడిపేది బడ్జెట్. పేరు ఒకటే అయినా సంస్థ వేరు.

జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌ది ఇంకో దారి. 1392లో తెరిచిన విశ్వవిద్యాలయం 1816లో మూతపడి, 1994లో మళ్లీ పుట్టింది. కానీ అంప్లోనియస్ అనే పండితుడు 1412లో ఇచ్చిన 600 పైచిలుకు చేతిరాత గ్రంథాల్లో చాలా భాగం ఊళ్లోనే నిలిచాయి. తలుపులు తెరిచేసరికి చదవడానికి పుస్తకాలు ఉన్నాయి.

మన దగ్గర మిగిలినవి శాసనాలు. కొండకు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి పేరు తర్వాత వచ్చింది. ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలం రాళ్ల మీద కనబడేవి శ్రీపర్వతం, విజయపురి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఏలుబడి 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒక్కటి చదివితే చాలు, ఆ విద్యాపీఠం తీరు కళ్లకు కడుతుంది. తామ్రపర్ణి, అంటే సింహళ ఆచార్యుల కోసం ఆమె చుల్లధమ్మగిరి మీద చైత్యగృహం, అంటే బౌద్ధుల ప్రార్థనామందిరం, కట్టించింది. ఆ ఆచార్యులు కాశ్మీర, గాంధార, చీనా, వంగ, వనవాసి దేశాల్లో ధర్మం నిలిపినవారని రాయించింది. తన మిగతా దానాల పట్టికా ఇచ్చింది: ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, పూర్వశైలంలో చెరువు, కంటకసేలలో, అంటే నేటి కృష్ణా జిల్లా ఘంటసాలలో, రాతి మండపం. ఒకే చోట గోడ కట్టుకున్న విద్యాలయం కాదిది. అపరశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే బౌద్ధ శాఖల్లో ఎవరి విహారం వారిది. ఖర్చులకు అఖయనీవి, అంటే అసలు ముట్టకుండా వడ్డీతో నడిపే నిధి.

ఆ స్థలమంతా ఇప్పుడు నీళ్ల కింద ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయంతా తవ్వి, దొరికినవి కాపాడింది. తొమ్మిది కట్టడాలను విప్పి కొండమీద మళ్లీ పేర్చారు, కొన్నింటిని జలాశయం ఒడ్డున అనుపులో నిలబెట్టారు. చూసినప్పుడు ఇటుక పాతదేగానీ చోటు మారిందని గుర్తుంచుకోవాలి. కాబట్టి ఉన్నచోట పునరుద్ధరణ అనేది కుదరని పని.

కుదిరే పని చదువు. 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. ఎక్కడ చిక్కుపడుతుందంటే భాషల దగ్గర. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే 'సుహృల్లేఖ' సంస్కృత మూలం దొరకలేదు, టిబెటన్, చైనీస్ అనువాదాలే ఉన్నాయి. శాసనాలకు ప్రాకృతం, బ్రాహ్మీ లిపి కావాలి. ఈ నాలుగూ నేర్పే గురువులు స్థిరమైన జీతంతో లేకుంటే ఎంత పెద్ద భవనం కట్టినా ఖాళీగా ఉంటుంది.

ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి, అంటే మన అమరావతి ప్రాంతానికి వచ్చేసరికి చాలా ఆరామాలు పాడుబడి, సుమారు 20 మాత్రం నడుస్తున్నాయి. అయినా నలందలో చదివిన ఆ మనిషి ఇక్కడ కొన్ని నెలలు ఆగి, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మూలాభిధర్మం అనే బౌద్ధ సిద్ధాంత శాస్త్రం చదివాడు, వాళ్లకు తాను మహాయాన శాస్త్రాలు చెప్పాడు.