పదమూడో కార్డు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో నా దగ్గరికి టారో, అంటే బొమ్మల పేకముక్కలు తీసి చెప్పే జోస్యం, చెప్పించుకోవడానికి వచ్చే తెలుగువారిలో ఎక్కువమంది మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకునేవారే. ఉద్యోగం మారాలా వద్దా అని అడగడానికి వచ్చినవారు సైతం పదమూడో కార్డు అయిన ‘మృత్యువు’ బయటపడగానే ఆ ప్రశ్న మరిచిపోయి, "ఇంట్లో ఎవరికైనా ఏమైనా అవుతుందా అండీ?" అంటారు.

అపోహ: ఈ కార్డు వస్తే చావు తప్పదు.

వాస్తవం: ఎవరు ఎప్పుడు పోతారో ఏ కార్డూ చెప్పదు. ఈ కార్డుకు మేము చెప్పుకునే అర్థం, ఒక దశ ముగిసి మరొకటి మొదలుకావడం. 1909లో లండన్‌లో వెలువడిన పేకలో ఈ బొమ్మను నిదానంగా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. నల్ల కవచం తొడిగిన అస్థిపంజరం తెల్ల గుర్రమెక్కి వస్తుంటే, దాని చేతిలోని నల్ల జెండా మీద అయిదు రేకుల తెల్ల గులాబీ ఉంటుంది. ఆ గులాబీ జీవానికి గుర్తని ఆ పేకను రూపొందించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ స్వయంగా రాశాడు. గుర్రం ముందు రాజు అప్పటికే నేలకూలాడు, మతగురువు చేతులు జోడించి వేడుకుంటున్నాడు, మోకరిల్లిన యువతి ముఖం పక్కకు తిప్పుకుంది, పక్కనున్న పసిబిడ్డ మాత్రం బెదరకుండా తలెత్తి చూస్తోంది. అధికారం, మతం, యవ్వనం, బాల్యం ఒకే మార్పును నాలుగు విధాలుగా ఎదుర్కొనే తీరు ఇది. నా మట్టుకు నాకు ఈ కార్డులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ బిడ్డ చూపే, కానీ చాలామంది కళ్లు పుర్రె దగ్గరే ఆగిపోతాయి. వెనుక నది మీద పడవ, దూరాన రెండు బురుజుల నడుమ సూర్యుడు కనిపిస్తాయి. ఇన్ని వివరాలను అంత చిన్న ముక్కలో పొదిగిన చిత్రకారిణి పమేలా కోల్‌మన్ స్మిత్. పేక మాత్రం ప్రచురణకర్త పేరుతో, వెయిట్ పేరుతో చలామణీ అయింది, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

వరసలో కూడా ఇది చివరి కార్డు కాదు. 21వ అంకె వేసిన ‘ప్రపంచం’ దాకా దీని తరువాత ఇంకా ఎనిమిది ఉన్నాయి, వెంటనే వచ్చేది ‘నిగ్రహం’.

అపోహ: తలకిందులుగా వస్తే గండం తప్పినట్టే.

వాస్తవం: వెయిట్ దానికి చెప్పిన అర్థం జడత్వం, అంటే కదలక మెదలక ఉండిపోవడం. ముగిసిపోయినదాన్ని పట్టుకుని వేలాడటమని నేను చెబుతాను.

అపోహ: టారో ఈజిప్టు పూజారుల విద్య, దోషముంటే శాంతి చేయించాలి.

వాస్తవం: ఈజిప్టు కథను 1781లో ప్రచారంలో పెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన కూర్ ద జెబెలాన్, అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారే లేరు. ఈ ముక్కలు 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టాయి, ఫ్రాన్స్‌లో నేటికీ వీటితో ఆడుకుంటున్నారు. మన గ్రహశాంతులకూ వీటికీ ఏ సంబంధమూ లేదు కనుక, ఈ కార్డు చూపించి తాయెత్తుకో హోమానికో డబ్బు అడిగితే ఇవ్వకుండా లేచి వచ్చేయండి.