వెంటిలేటర్ ఎంత గాలి ఇవ్వాలో చెప్పేది టేపు

న్యుమోనియా ముదిరి మనిషిని వెంటిలేటర్ మీద పెట్టాక ఇంట్లోవాళ్ల కళ్లన్నీ మానిటర్‌లోని ఆక్సిజన్ అంకె మీదే ఉంటాయి. 95 ఉంటే ఊరట, 89కి పడితే టెన్షన్. డాక్టర్లు కూడా చాలాకాలం ఇంచుమించు అలాగే ఆలోచించారు, ఆక్సిజన్ పెరిగిందంటే మేలు జరుగుతోందనే.

2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన ట్రయల్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. అందరి ఊపిరితిత్తులూ తీవ్రంగా దెబ్బతిన్నవే, కారణాల్లో మొదటి స్థానం న్యుమోనియాది. కొందరికి ఒక్కో ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి, మిగతావాళ్లకు 6. మొదటి రోజుల్లో ఆక్సిజన్ మెరుగ్గా ఉన్నది 12 వాళ్లకే, కానీ చనిపోయిందీ వాళ్లే ఎక్కువ: 39.8 శాతం. రెండో గుంపులో 31.

ఎందుకంటే, చీము, నీరు నిండిన గాలి గదుల్లోకి గాలి వెళ్లదు. పెద్దమనిషి ఛాతీలో పనిచేసే భాగం చిన్నపిల్లల ఊపిరితిత్తులంతే మిగులుతుంది. నిండు ఊపిరంతా దానిలోకే తోస్తే అది సాగి వాచిపోతుంది, ఆ వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో కలిసి కిడ్నీల దాకా పాకుతాయి.

ఇక్కడ కిలో అంటే కాటా చూపించే బరువు కాదు, లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. పడుకున్న మనిషిని తల నుంచి మడమ దాకా టేపుతో కొలిచి, ఆ ఎత్తుకు ఉండాల్సిన బరువు లెక్క కడతారు. 170 సెంటీమీటర్ల మగవాడు 95 కిలోలున్నా లెక్కకు 66 కిలోలే, అంటే ఊపిరికి దాదాపు 400 మిల్లీలీటర్లు. ఇంత చిన్న పనితో ప్రాణాలు నిలుస్తాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పరిస్థితి బాగా విషమిస్తే బోర్లా పడుకోబెడతారు. ఒకరు తల దగ్గర నిలబడి గొట్టం ఊడకుండా పట్టుకుంటే మిగతావాళ్లు ఒక్కసారిగా తిప్పుతారు. అప్పటిదాకా గుండె బరువుకు నలిగిన వీపు వైపు భాగం తెరుచుకుని గాలి అంతటా సమంగా సర్దుకుంటుంది. 2013లో వచ్చిన ట్రయల్‌లో విడతకు కనీసం 16 గంటలు ఇలా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16కి తగ్గాయి.

మూసుకుపోయిన గదుల్ని ఎక్కువ ఒత్తిడితో బలవంతంగా తెరవాలని చూసిన 2017 నాటి ట్రయల్‌లో మాత్రం మరణాలు పెరిగాయి.

మీవాళ్లు ఐసీయూలో ఉంటే ఆక్సిజన్‌తో పాటు ప్లాటో ప్రెషర్ (ఊపిరి నిండాక ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) ఎంతుందో కూడా అడగండి, అది 30 దాటకుండా చూస్తారు. ఇక ఆ 89 సంగతంటారా, 2000 నాటి ట్రయల్ పెట్టుకున్న లక్ష్యమే 88 నుంచి 95.