ఫ్రీ గిట్ హోస్టింగ్: అపోహలు - వాస్తవాలు

"సార్, గిట్‌హబ్‌లో పెట్టాలా, గిట్‌ల్యాబ్‌లో పెట్టాలా?" నలుగురు కలిసి ప్రాజెక్ట్ మొదలుపెట్టిన ప్రతిచోటా నన్ను ముందు అడిగేది ఇదే. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే టూల్ గిట్; ఆ కోడ్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే సర్వీసులు ఇవి. రిపోలు (ప్రాజెక్ట్ కోడ్, దాని హిస్టరీ ఉండే ఫోల్డర్లు) ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం, ఆగిపోయిన బిల్డ్‌లు (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పనులు) నడిపించడం నా రోజువారీ పని కాబట్టి అడగడంలో తప్పులేదు. కానీ నా దాకా వచ్చిన పెద్ద తలనొప్పుల్లో సర్వీస్ తప్పుగా ఎంచుకున్నందుకు వచ్చినవి అరుదు. రిపో ఎవరి పేరు మీద ఉందో ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: "టీమ్‌లో అందరికీ యాక్సెస్ ఇచ్చేశాం. ఇక ప్రాజెక్ట్ అందరిదీ."

కాదండీ. గిట్‌హబ్‌లో పర్సనల్ అకౌంట్ కింద రిపో తెరిస్తే దానికి ఓనర్ ఒక్కరే. కొలాబరేటర్లుగా చేరినవాళ్లు పుష్ చేయగలరు (తమ మార్పులు పంపగలరు), మెర్జ్ చేయగలరు (వాటిని అసలు కోడ్‌లో కలపగలరు). అంతే. ఇంకొకరిని చేర్చలేరు, రిపోను వేరేచోటికి ట్రాన్స్‌ఫర్ చేయలేరు. అసలు వాళ్లకు సెట్టింగ్స్ ట్యాబే కనపడదు. ఇంటి తాళంచెవులు అందరి దగ్గరా ఉన్నాయి గానీ రిజిస్ట్రేషన్ మాత్రం ఒకడి పేరు మీదే ఉంది, అదీ పరిస్థితి.

ఒక అనుభవం చెప్తాను. తెలుగులో అక్షర దోషాలు పట్టే చిన్న టూల్ ఒకటి. హైదరాబాద్, గుంటూరు, డల్లాస్‌లలో ఉన్న కొందరు ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని రాస్తున్నారు. దాన్ని మొదలుపెట్టింది ఓ ఇంజనీరింగ్ కుర్రాడు, సహజంగానే తన సొంత అకౌంట్లో. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తూ పాత ఫోన్ తమ్ముడికి ఇచ్చేశాడు, వాడు రీసెట్ కొట్టి వాడుకోవడం మొదలుపెట్టాడు. లాగిన్‌కి కోడ్ ఇచ్చే అథెంటికేటర్ యాప్ దాంతోనే పోయింది. ఇక్కడి సిమ్ ఆగిపోయింది. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో ఆధారం కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసినప్పుడు గిట్‌హబ్ ఇచ్చే పదహారు రికవరీ కోడ్‌ల ఫైల్ ఎక్కడుందో అతనికే తెలియదు. పాస్‌వర్డ్ మాత్రం బ్రహ్మాండంగా గుర్తుంది!

ఈ సంగతి కొత్తగా చేరదామని వచ్చిన ఒకమ్మాయి వల్ల బయటపడింది. "అన్నా, నన్ను యాడ్ చేయమంటే ఎవరికీ ఆప్షన్ కనపడట్లేదంట" అని నాకు మెసేజ్ పెట్టింది. రిపో ఓపెన్ అవుతోంది, కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) పడుతున్నాయి, ఇష్యూలు (సమస్యల మీద చర్చలు) కనపడుతున్నాయి. తలుపు మాత్రం లోపల్నుంచి గడియపడింది. పాపం ఆ అమ్మాయి ఫోర్క్ చేసుకుని (తన అకౌంట్లో కాపీ పెట్టుకుని), మార్పులు కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్‌లు పంపుతూ నెట్టుకొచ్చింది.

ఇలాంటప్పుడు "సపోర్ట్ వాళ్లకి మెయిల్ కొడితే తీసిచ్చేస్తార్లే" అనుకుంటారు. ఇవ్వరు. టూ ఫ్యాక్టర్ ఆధారాలూ, రికవరీ మార్గాలూ రెండూ పోతే అకౌంట్ తెరిపించలేమని గిట్‌హబ్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. పాస్‌వర్డ్ తెలిసి, రిజిస్టర్ చేసిన మెయిల్ చేతిలో ఉంటే ఒక దారి మిగులుతుంది: ఇదివరకు లాగిన్ అయిన కంప్యూటరో, అకౌంట్‌కి జోడించిన ఎస్ఎస్‌హెచ్ కీనో (కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి లాంటి ఫైల్), పర్సనల్ యాక్సెస్ టోకెనో (పాస్‌వర్డ్ బదులు వాడే కోడ్) చూపించి రికవరీ అడగొచ్చు. మనవాడి పాత ల్యాప్‌టాప్ గుంటూరులో బీరువా మీద ఉంది. వాళ్ల చెల్లెలు దుమ్ము దులిపి ఛార్జింగ్ పెట్టి, వీడియో కాల్‌లో వాళ్లన్నయ్య చెప్తుంటే టెర్మినల్‌లో కమాండ్ కొట్టింది. మొదటిసారి స్పేస్ మర్చిపోయింది. రెండోసారి వచ్చిన పొడుగాటి కోడ్‌ని వాట్సాప్‌లో పంపింది. గిట్‌హబ్ వాళ్లు చూసి ఓకే అనేదాకా అందరికీ టెన్షనే. ఆ ల్యాప్‌టాప్‌ని పాత సామాన్లవాడికి అమ్మేసి ఉంటే ఆ రిపో అలాగే ఉండిపోయేది.

అతను లోపలికి వెళ్లగానే చేయించిన పని ఏమిటంటే, ఆర్గనైజేషన్ (ఒకరి పేరు మీద కాకుండా టీమ్ పేరు మీద ఉండే అకౌంట్) తెరిచి రిపోను దాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేయించడం. ఆర్గనైజేషన్ ఫ్రీయే. కనీసం ఇద్దరిని ఓనర్లుగా పెట్టండి, ఇద్దరూ ఒకే ఇంట్లోవాళ్లు కాకుండా చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ బటన్ సెట్టింగ్స్ అడుగున డేంజర్ జోన్‌లో ఉంటుంది. ఆ పేరు చూసి భయపడక్కర్లేదు: ఇష్యూలు, వికీ, స్టార్‌లు అన్నీ వెంట వస్తాయి, పాత లింక్ కొట్టినా కొత్తచోటికే తీసుకెళ్తుంది. గిట్‌ల్యాబ్‌లో అయితే ఇదే పనికి గ్రూప్ ఉంది. రికవరీ కోడ్‌లు మాత్రం కాగితం మీద ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టండి. కోడ్ రాసేవాళ్లకు గిట్‌హబ్ 2023 నుంచి విడతలవారీగా టూ ఫ్యాక్టర్ తప్పనిసరి చేసింది కాబట్టి "నేనసలు ఆన్ చేయను" అనే తెలివితేటలు పనిచేయవు.

అపోహ: "ఫ్రీ సర్వీస్ కదా, ఏదో ఒకరోజు మూసేస్తారు. కోడ్ మొత్తం పోతుంది."

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గూగుల్ నడిపిన ఇలాంటి సర్వీస్ గూగుల్ కోడ్‌ని మూసేస్తున్నట్టు 2015 మార్చిలో ప్రకటించారు, ఆగస్టుకల్లా చదవడానికి తప్ప మార్చడానికి వీల్లేకుండా చేశారు, 2016 జనవరిలో మూసేశారు. గిటోరియస్ అనే ఇంకో సర్వీస్ కూడా 2015లోనే వెళ్లిపోయింది. అంటే మూసేయడం నిజమే. కోడ్ పోవడం మాత్రం నిజం కాదు. గిట్‌లో మామూలుగా క్లోన్ చేసిన (పూర్తి కాపీ దించుకున్న) ప్రతి కంప్యూటర్‌లోనూ హిస్టరీతో సహా కోడ్ ఉంటుంది. సర్వర్ పోయినా మీ టీమ్‌లో ఎవరో ఒకరి ల్యాప్‌టాప్ నుంచి కొత్తచోట పుష్ చేస్తే సరిపోతుంది.

పోయేది కోడ్ చుట్టూ ఉన్నది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న డైరెక్టరీనే డిలీట్ చేశాడు. ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో కాపీ ఉంచడం) ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మకంగా పనిచేయలేదని వాళ్లే ఒప్పుకుని, రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. పోయినవి ఇష్యూలు, కామెంట్లు, మెర్జ్ రిక్వెస్ట్‌లు (గిట్‌ల్యాబ్‌లో పుల్ రిక్వెస్ట్‌ల పేరు). గిట్ రిపోలకు ఏమీ కాలేదు. కాబట్టి "ఈ ఫీచర్ ఎందుకు ఇలా చేశాం" లాంటి ముఖ్యమైన నిర్ణయాలు ఇష్యూ కామెంట్లలోనే వదిలేయకుండా రిపోలోనే ఒక ఫైల్లో రాసుకోండి. గిట్‌హబ్ వికీ కూడా లోపల గిట్ రిపోయే, దాన్ని కూడా క్లోన్ చేసుకోవచ్చు.

మిగతావి చకచకా.

"ప్రైవేట్ రిపోకి డబ్బులు కట్టాలి." పాత మాట. గిట్‌హబ్‌లో 2019 జనవరిలో ముగ్గురు కొలాబరేటర్ల దాకా ఫ్రీ చేశారు, 2020 ఏప్రిల్‌లో ఆ లిమిట్ కూడా ఎత్తేశారు.

"మైక్రోసాఫ్ట్ కొన్నాక గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్ వాళ్ల సొంతం." 2018లో 750 కోట్ల డాలర్ల వార్త వచ్చినప్పటి నుంచీ ఈ ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంది. కోడ్ హక్కులు మీవే, నిబంధనల్లో రాసి ఉంది, తీరిగ్గా చదువుకోండి. పబ్లిక్ కోడ్‌ని ఏఐకి వాడుకోవడం నచ్చలేదంటారా, అది వేరే సంగతి, న్యాయమైన అభ్యంతరమే.

"పబ్లిక్‌లో పెడితే ఓపెన్ సోర్సే." ఎవరైనా వాడుకోవచ్చని అనుమతిచ్చే లైసెన్స్ ఫైల్ లేకపోతే కాదు.

"ఏపీఐ కీ పొరపాటున పడింది, తర్వాతి కమిట్‌లో తీసేశాం." ఏపీఐ కీ అంటే వేరే సర్వీస్‌ని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్; అది హిస్టరీలో ఇంకా ఉంది. ముందు కీ రద్దు చేయండి, మిగతాది తర్వాత.

ఇక మొదటి ప్రశ్న. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వచ్చి కోడ్ రాయాలనుకుంటే గిట్‌హబ్, ఎందుకంటే జనం అక్కడున్నారు. ప్రైవేట్‌గా, బిల్డ్ పైప్‌లైన్‌తో (బిల్డ్‌లు వాటంతటవే నడిచే ఏర్పాటు) సహా ఒకేచోట కావాలంటే గిట్‌ల్యాబ్ బాగుంటుంది, కాకపోతే ఫ్రీ ప్రైవేట్ గ్రూప్‌లో ఐదుగురికే చోటు. ఇలాంటిదే ఇంకో సర్వీస్ బిట్‌బకెట్, దాని ఫ్రీ ప్లాన్‌లోనూ ఐదుగురే. కంపెనీల గొడవే వద్దనుకుంటే బెర్లిన్‌లో లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్ ఉంది, అది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసమే. ఫైనలియర్ బ్యాచ్‌లకు ఇంకొక్కటి: 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ పుష్ దగ్గరే వెనక్కి కొడుతుంది. సబ్మిషన్ ముందురోజు రాత్రి ఏఐ మోడల్ ఫైల్‌ని కమిట్ చేసి, ఎర్రర్ రాగానే డిలీట్ చేసి ఇంకో కమిట్ కొడతారు. అది కుదరదు. పాత కమిట్‌లో ఆ ఫైల్ ఉన్నంతసేపూ పుష్ అవదు. ఆ కమిట్‌నే సరిచేయాలి, లేదా ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వాలి.